లినక్స్‌లో బయటి సాఫ్ట్‌వేర్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలి: పని ఆగకుండా, సిస్టమ్ చేజారకుండా

"కావలసిన సాఫ్ట్‌వేర్ ఉబుంటులో లేదు, నెట్‌లో దొరికిన డెబ్ ఫైల్ వేసుకోవచ్చా?" "ఈ ఒక్క లైను టెర్మినల్‌లో పేస్ట్ చేస్తే అయిపోతుందట, చేయనా?" లినక్స్‌కి కొత్తగా మారినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చే ప్రశ్నలు కావు. ఏ సాఫ్ట్‌వేర్ విషయంలోనైనా రెండు సంగతులు కనుక్కోండి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దాని చేతికి రూట్ అధికారం, అంటే సిస్టమ్‌లో ఏదైనా మార్చగల పూర్తి అధికారం, వెళ్తోందా? రేపు అందులో లోపం బయటపడితే అప్‌డేట్ ఎవరు పంపుతారు? ఈ రెండూ తెలిస్తే ఏ దారిలో వెళ్లాలో చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడి మెట్లు ఉబుంటు 24.04, లినక్స్ మింట్ 22, డెబియన్ స్టేబుల్‌లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఫెడోరా, ఆర్చ్ వాడేవాళ్లకు చివర్లో కొంత ఉంది. కమాండ్లు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలో ఇస్తున్నాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే, పెద్ద అక్షరమని విడిగా చెప్పిన చోట తప్ప చిన్న అక్షరాలతో టైప్ చేయాలి.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

- సుడో అధికారం (రూట్‌గా కమాండ్లు నడిపే వీలు) ఉన్న యూజర్ ఖాతా.
- మీ ఫైళ్ల బ్యాకప్, వేరే డిస్క్‌లో. దీంతోపాటు సిస్టమ్ స్నాప్‌షాట్ ఒకటి. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ముందే ఉంటుంది, ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. మామూలు సెట్టింగుల్లో టైమ్‌షిఫ్ట్ హోమ్ ఫోల్డర్‌ని తీసుకోదు, కాబట్టి అదొక్కటే ఉంటే చాలదు.
- కర్ల్ (నెట్ నుంచి ఫైళ్లు దించేది), జీపీజీ (డిజిటల్ సంతకాలు సరిచూసేది), ఫ్లాట్‌ప్యాక్ (ప్రోగ్రాములను సిస్టమ్ నుంచి కొంత వేరుగా ఉంచి నడిపే ప్యాకేజీ పద్ధతి). మింట్‌లో ఫ్లాట్‌ప్యాక్ ఉంటుంది, ఉబుంటులో విడిగా వేసుకోవాలి.
- పదిహేను నిమిషాల తీరిక. హడావిడిలో పేస్ట్ చేసే కమాండ్లతోనే ఎక్కువ చిక్కులు వస్తాయి.

1. డిస్ట్రో రిపోజిటరీలో నిజంగానే లేదా? మళ్లీ చూడండి

డిస్ట్రో అంటే ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకం; దాన్ని నడిపేవాళ్లు ప్యాకేజీలు ఉంచే చోటు రిపోజిటరీ. "ఆప్ట్ సెర్చ్ పేరు" కొట్టండి. దొరికితే "ఆప్ట్ పాలసీ పేరు" కొట్టి ఏ వెర్షన్ వస్తుందో, ఎక్కణ్ణించి వస్తుందో చూడండి. పాత వెర్షన్ అన్న ఒక్క కారణంతో బయటికి వెళ్లకండి. వెర్షన్ అంకె మారకుండానే భద్రతా లోపాలను సరిచేసి పంపడం డెబియన్, ఉబుంటుల పద్ధతి. డెబియన్ స్టేబుల్ వాడుతూ కొత్త వెర్షన్ తప్పనిసరి అయితే ముందు బ్యాక్‌పోర్ట్స్‌లో (స్టేబుల్ కోసం కొత్త వెర్షన్లు ఉంచే విభాగంలో) వెతకండి.

అక్కరలేకుండా బయట వెతికే వాటికి మన తెలుగు ఫాంట్లే మంచి ఉదాహరణ. పోతన, వేమన ఫాంట్ల కోసం ఊరూపేరూ తెలియని సైట్ల నుంచి జిప్ ఫైళ్లు దించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా" ప్యాకేజీలో ఆ రెండూ ఉన్నాయి. తెలుగు టైపింగ్‌కి "ఐబస్-ఎం17ఎన్" కూడా రిపోజిటరీలోనే దొరుకుతుంది.

ఉబుంటు వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. వీఎల్‌సీ లాంటి ఎన్నో ప్యాకేజీలు యూనివర్స్ అనే విభాగంలో ఉంటాయి. ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతు ఉండే) వెర్షన్లలో వాటి భద్రతా అప్‌డేట్లు చాలావరకు ఉబుంటు ప్రో అనే చందా సేవ ద్వారానే వస్తాయి. సొంత వాడకానికి ఐదు కంప్యూటర్ల వరకు అది ఉచితం. ఆన్ చేసుకోండి.

2. అసలైన సైట్ ఏదో తేల్చుకోండి

సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన మీద క్లిక్ చేయకండి. ఆ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ మీ రిపోజిటరీలో ఉంటే "ఆప్ట్ షో పేరు" కొట్టండి. "హోమ్‌పేజ్" అన్న వరుసలో అసలు సైట్ చిరునామా ఉంటుంది. దాన్ని డిస్ట్రో ప్యాకేజీ చూసుకునేవాళ్లు చేర్చారు కాబట్టి నమ్మవచ్చు. గిట్‌హబ్ నుంచి దించుతుంటే అది అసలు ప్రాజెక్టా, ఎవరో చేసుకున్న ఫోర్కా (నకలా) అన్నది పేజీ పైభాగంలోనే రాసి ఉంటుంది. రిలీజెస్ పేజీ నుంచే దించండి. ఎవరో కామెంట్లలో పెట్టిన ఫైల్ జోలికి వెళ్లొద్దు.

3. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అయితే ముందు ఫ్లాట్‌ప్యాక్ చూడండి

ఎడిటర్, చాట్, వీడియో, డ్రాయింగ్ లాంటి ప్రోగ్రాములకు ముందుగా చూడాల్సింది ఫ్లాట్‌ప్యాక్‌ల స్టోర్ అయిన ఫ్లాట్‌హబ్. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఆ ప్రోగ్రామ్ తాలూకు స్క్రిప్టులేవీ రూట్‌గా నడవవు. అప్‌డేట్లూ అక్కణ్ణించే వస్తాయి. మొదట్లో చెప్పిన రెండు ప్రశ్నలకూ ఇక్కడ మంచి జవాబే దొరుకుతుంది.

అలాగని ఫ్లాట్‌ప్యాక్ అనగానే ప్రోగ్రామ్‌కీ మీ సిస్టమ్‌కీ మధ్య గోడ (శాండ్‌బాక్స్) కట్టేసినట్టు కాదు. ఆ గోడ ఎంత ఎత్తుండాలో ఒక్కో ప్రోగ్రామ్‌కి ప్యాకేజీ చేసినవాళ్లు నిర్ణయిస్తారు. ఇన్‌స్టాల్ కాగానే "ఫ్లాట్‌ప్యాక్ ఇన్ఫో --షో-పర్మిషన్స్ ఐడీ" కొట్టి (ఐడీ బదులు ఆ ప్రోగ్రామ్ ఐడీ రాయాలి) ఈ నాలుగూ చూడండి:

- ఫైల్‌సిస్టమ్స్ వరుసలో "హోమ్" లేదా "హోస్ట్" ఉంటే మీ ఫైళ్లన్నీ దాని చేతిలో ఉన్నట్టే. హోమ్‌లోని బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో ఒక వరుస రాసిపెడితే చాలు, మీరు మళ్లీ టెర్మినల్ తెరిచినప్పుడు దానికి నచ్చిన కమాండ్ గోడ బయట నడుస్తుంది.
- సాకెట్స్‌లో "ఎక్స్11" (తెరమీద విండోలు చూపించే పాత వ్యవస్థ) ఉండి మీ డెస్క్‌టాప్ ఎక్స్11 మీదే నడుస్తుంటే, వేరే విండోల్లో మీరు టైప్ చేసేవి కూడా అది చదవగలదు. దాని బదులు వచ్చిన వేలాండ్‌లో ఈ ముప్పు బాగా తగ్గుతుంది.
- డివైసెస్‌లో "ఆల్" ఉంటే వెబ్‌క్యామ్ సహా పరికరాలన్నీ అందుబాటులో ఉంటాయి.
- సెషన్ బస్ జాబితాలో "ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.ఫ్లాట్‌ప్యాక్" ఉంటే ఆ ప్రోగ్రామ్ గోడ దాటి కమాండ్లు నడపగలదు. కోడ్ ఎడిటర్లకు ఇది అవసరం పడొచ్చు. ఆటకి, వాల్‌పేపర్ మార్చే ప్రోగ్రామ్‌కి ఎందుకు?

అక్కరలేని అనుమతిని "ఫ్లాట్‌ప్యాక్ ఓవర్‌రైడ్ --యూజర్ --నోఫైల్‌సిస్టమ్=హోమ్ ఐడీ" అని తీసేయొచ్చు. జాబితాలో హోస్ట్ అని ఉంటే ఇక్కడ కూడా హోమ్ బదులు హోస్ట్ అనే రాయాలి, లేకపోతే తలుపు తెరిచే ఉంటుంది. టెర్మినల్ వద్దనుకుంటే ఫ్లాట్‌సీల్ ప్రోగ్రామ్‌లో ఇవన్నీ స్విచ్‌ల రూపంలో కనిపిస్తాయి. తీసేశాక ప్రోగ్రామ్ మొరాయిస్తే "ఓవర్‌రైడ్ --యూజర్ --రీసెట్ ఐడీ" కొడితే మొదటికి వస్తుంది. చాలా ప్రోగ్రాములు హోమ్ అనుమతి లేకపోయినా ఫైల్ ఎంచుకునే విండో ద్వారా మీరిచ్చిన ఒక్క ఫైల్‌ని తెరవగలవు. అందుకని తీసి చూడటానికి జంకక్కర్లేదు.

ఫ్లాట్‌హబ్‌లో పేరు పక్కన టిక్ ఉంటే ఆ ప్యాకేజీకి అసలు తయారీదార్ల ఆమోదం ఉందని అర్థం. టిక్ లేనివన్నీ చెడ్డవి కావు. వాటిని ప్యాకేజీ చేసింది వేరెవరో, అంతే. మింట్ 22 సాఫ్ట్‌వేర్ మేనేజర్ టిక్ లేనివాటిని మొదట్లో చూపించదు. "కనబడటం లేదు" అని చాలామంది అడిగేది ఇందుకే. బ్యాంకు లావాదేవీలు చేసే బ్రౌజర్, పాస్‌వర్డ్ మేనేజర్, క్రిప్టో వాలెట్ మాత్రం టిక్ లేకుండా వేసుకోకండి.

ఉబుంటువాళ్ల సొంత ప్యాకేజీ పద్ధతి స్నాప్ విషయానికొస్తే, "స్నాప్ ఇన్ఫో పేరు" కొట్టి పబ్లిషర్ పక్కన టిక్ ఉందో లేదో చూడండి. ఇన్‌స్టాల్ చేయడానికి "--క్లాసిక్" అడిగితే దానికి గోడే లేదు, మామూలు ప్రోగ్రామ్ కిందే లెక్క. స్టోర్‌లో ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. 2018 మేలో స్నాప్ స్టోర్‌లో 2048 ఆట పేరుతో ఉన్న ప్యాకేజీలో క్రిప్టో మైనర్ (మీ కంప్యూటర్‌ని వాడుకుని క్రిప్టో కరెన్సీ సంపాదించే ప్రోగ్రామ్) బయటపడింది. 2023 సెప్టెంబరులో నకిలీ వాలెట్లు దొరికాయి. ఆ తర్వాతే కొత్త పేర్ల నమోదుకు మనుషులు చూసి అనుమతించే పద్ధతి తెచ్చారు.

4. కంపెనీ సొంత రిపోజిటరీ కలపడం

డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపేది), బ్రౌజర్, డేటాబేస్ లాంటివి ఎప్పటికప్పుడు అప్‌డేట్ కావాలంటే ఇదే సరైన దారి. కానీ ఒక్కసారి కలిపితే, ఆ రిపోజిటరీ ఏ రోజు ఏం పంపినా మీ కంప్యూటర్ రూట్‌గా ఇన్‌స్టాల్ చేసుకుంటుంది. కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

అ) రిపోజిటరీ సంతకాన్ని సరిచూసే కీని ముందు మీ హోమ్‌లోకి దించండి. సైట్లలో ఇచ్చే కమాండ్లు దించడం, మార్చడం, సిస్టమ్‌లో పెట్టడం అన్నీ ఒకే లైన్లో కలిపేస్తాయి. విడదీసి చేస్తే మధ్యలో ఏముందో చూడొచ్చు. "జీపీజీ --షో-కీస్ ఫైల్" కొడితే 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్ కనిపిస్తుంది. కంపెనీ డాక్యుమెంటేషన్‌లో ఇచ్చిన దానితో మొత్తం 40 అక్షరాలూ పోల్చండి. చివరి ఎనిమిది కలిసేలా నకిలీ కీ చేయడం కష్టమేమీ కాదు.

ఆ) కీని "/ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్" ఫోల్డర్‌లో పెట్టండి. టెక్స్ట్ రూపంలో ఉన్న కీకి ఏఎస్‌సీ అనీ, బైనరీ అయితే జీపీజీ అనీ ఎక్స్‌టెన్షన్ ఉండాలి. ఫైల్ పర్మిషన్ 644 ఉండాలి. ఈ రెండింట్లో ఏది తప్పినా కీ కళ్లెదుటే ఉన్నా "నో పబ్‌కీ" అని ఎర్రర్ వస్తుంది.

పాత వ్యాసాల్లో కనిపించే "ఆప్ట్-కీ యాడ్" వాడకండి. అలా చేర్చిన కీ ఆ ఒక్క రిపోజిటరీకే పరిమితం కాదు. వేరే ఏ రిపోజిటరీ మీద ఆ కీతో సంతకం ఉన్నా మీ సిస్టమ్ ఒప్పేసుకుంటుంది. పాలవాడికి గేటు తాళం చెవి ఇవ్వబోయి ఇంటి తాళాలగుత్తి మొత్తం ఇచ్చినట్టే. "/ఈటీసీ/ఆప్ట్/ట్రస్టెడ్.జీపీజీ.డీ" ఫోల్డర్‌లో కీ పెట్టినా ఇదే పరిస్థితి.

ఇ) "/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డీ" ఫోల్డర్‌లో "పేరు.సోర్సెస్" అనే ఫైల్ సృష్టించి ఇలా రాయండి:

టైప్స్: డెబ్
యూఆర్ఐస్: కంపెనీ ఇచ్చిన చిరునామా
సూట్స్: నోబుల్
కాంపొనెంట్స్: మెయిన్
ఆర్కిటెక్చర్స్: ఏఎండీ64
సైన్డ్-బై: /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్/పేరు.జీపీజీ

సూట్స్, కాంపొనెంట్స్ దగ్గర కంపెనీ చెప్పినవే రాయాలి. మింట్ వాడేవాళ్లు తరచూ బోల్తా పడేది సూట్స్ దగ్గరే. మింట్ 22 కోడ్ పేరు విల్మా. కంపెనీ రిపోజిటరీలో విల్మా ఉండదు, ఉబుంటు కోడ్ పేరు నోబుల్ ఉంటుంది. "రిలీజ్ ఫైల్ లేదు" అన్న ఎర్రర్ వస్తే ఇదే కారణం కావచ్చు. "/ఈటీసీ/ఓఎస్-రిలీజ్" ఫైల్‌లో "ఉబుంటు కోడ్‌నేమ్" అన్న వరుస చూసి అదే రాయండి.

ఈ) హద్దు గీయండి. సైన్డ్-బై రాసినంత మాత్రాన ఆ రిపోజిటరీ మీ డిస్ట్రో ప్యాకేజీల పేర్లతోనే వేరే ప్యాకేజీలు పంపకుండా ఆగదు. ఎక్కువ వెర్షన్ అంకె పెడితే ఆప్ట్ దాన్నే తీసుకుంటుంది. చాలా గైడ్లు ఈ మెట్టు వదిలేస్తాయి, మీరు వదలొద్దు. "/ఈటీసీ/ఆప్ట్/ప్రిఫరెన్సెస్.డీ" ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి మూడు వరుసలు రాయండి:

ప్యాకేజ్: *
పిన్: ఆరిజిన్ "సర్వర్ పేరు"
పిన్-ప్రయారిటీ: 100

మామూలు రిపోజిటరీల ప్రయారిటీ 500. దీనికి 100 ఇస్తే డిస్ట్రోలో ఉన్న ప్యాకేజీ ఎప్పుడూ డిస్ట్రో నుంచే వస్తుంది. డిస్ట్రోలో లేనివి మాత్రమే ఇక్కణ్ణించి వస్తాయి, వాటికి అప్‌డేట్లూ వస్తాయి. ఇంకా భద్రం అనుకుని 1 పెడితే అప్‌డేట్లు ఆగిపోతాయి, అది ఇంకా ప్రమాదం. డిస్ట్రోలో ఉన్న పేరుతోనే కంపెనీ ప్యాకేజీ కావాలంటే, ఆ ఒక్క ప్యాకేజీ పేరుతో వేరే మూడు వరుసలు రాసి 600 ఇవ్వండి.

ఉ) "సుడో ఆప్ట్ అప్‌డేట్" తర్వాత "ఆప్ట్ పాలసీ పేరు" కొట్టండి. వచ్చే వెర్షన్ పక్కన కంపెనీ సర్వర్ పేరు కనబడాలి. పేరు ఇవ్వకుండా "ఆప్ట్ పాలసీ" అని మాత్రమే కొడితే రిపోజిటరీలన్నీ వాటి ప్రయారిటీలతో వస్తాయి. కొత్తదాని ఎదురుగా 500 అనే ఉంటే పిన్ ఫైల్‌లో సర్వర్ పేరు తప్పు రాశారన్నమాట.

ఊ) ఇన్‌స్టాల్ చేసేముందు ఒకసారి "ఆప్ట్ -ఎస్ ఇన్‌స్టాల్ పేరు" కొట్టండి. ఇది ఏమీ మార్చదు, ఏం చేయబోతోందో మాత్రమే చెబుతుంది. తొలగించబోయే ప్యాకేజీల జాబితా వస్తే ప్రతి పేరూ చదవండి. 2021లో పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయిన ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్యాకేజీలో పొరపాటు ఉన్న మాట నిజమే. కానీ ఏమేం తీసేస్తున్నామో ఆప్ట్ ముందే తెరమీద చూపించింది కూడా.

పీపీఏలకూ (ఉబుంటు కోసం లాంచ్‌ప్యాడ్ సైట్‌లో పెట్టుకునే సొంత రిపోజిటరీలకూ) ఇదే జాగ్రత్త. లాంచ్‌ప్యాడ్‌లో ఖాతా ఉన్న ఎవరైనా పీపీఏ పెట్టగలరు, అందులో ఏముందో ఉబుంటువాళ్లు పరిశీలించరు. ఉబుంటు పీపీఏని డెబియన్‌లో కలపనే వద్దు. లైబ్రరీల వెర్షన్లు పొసగక, కొన్నాళ్లకు అప్‌గ్రేడ్ దగ్గర సిస్టమ్ ముడిపడిపోతుంది.

డాకర్ వేసుకునేవాళ్లకు ఒక మాట. సుడో అడగకుండా ఉండటానికి మీ యూజర్‌ని డాకర్ గ్రూపులో చేర్చమని ప్రతి గైడూ చెబుతుంది. ఆ గ్రూపులో ఉండటం అంటే పాస్‌వర్డ్ లేకుండా రూట్ ఉండటమే. ఇంట్లో మీరొక్కరే వాడే కంప్యూటర్‌లో అది మీ ఇష్టం. కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసు సర్వర్‌లోనో మాత్రం చేయకండి.

5. విడి డెబ్ ఫైల్ తప్పదంటే

డెబ్ ఫైల్ లోపల ప్రోగ్రామ్‌తో పాటు పోస్ట్‌ఇన్‌స్ట్ లాంటి స్క్రిప్టులు ఉంటాయి. అవి రూట్‌గా నడుస్తాయి. ఆ ప్రోగ్రామ్‌ని మీరు ఒక్కసారి కూడా తెరవకపోయినా సరే, ఇన్‌స్టాల్ చేస్తుండగానే వాటి పని అయిపోతుంది. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ విషయంలో జరిగింది ఇదే. ఆ సైట్‌లోకి చొరబడ్డవాళ్లు కొంతమంది లినక్స్ యూజర్లను వేరే సర్వర్‌లోని డెబ్ ఫైల్‌కి మళ్లించారు. దాని పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్ట్ రెండు ఫైళ్లను "/వార్/టీఎంపీ" లో పెట్టి, ప్రతి 10 నిమిషాలకు నడిచేలా "/ఈటీసీ/క్రాన్.డీ" లో ఒక పని రాసేది. 2020 నుంచి నడిచిన ఈ వ్యవహారాన్ని క్యాస్పర్‌స్కై 2023 సెప్టెంబరులో బయటపెట్టింది. అంతవరకు వాడినవాళ్లకు ప్రోగ్రామ్ మామూలుగానే పనిచేసింది.

అందుకని మౌస్‌తో రెండుసార్లు క్లిక్ చేసేముందు ఇలా చేయండి:

ముందు "ఎస్‌హెచ్‌ఏ256సమ్ ఫైల్" కొట్టి, సైట్‌లో ఇచ్చిన విలువతో (హ్యాష్‌తో) పోల్చండి. ఇది డౌన్‌లోడ్ మధ్యలో చెడిపోలేదని చెబుతుంది. సైట్‌నే ఎవరైనా ఆక్రమిస్తే ఫైల్‌తో పాటు ఆ విలువనూ మార్చగలరు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైట్‌లోకి చొరబడి, 17.3 సినమన్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ ఫైల్) లింకును బ్యాక్‌డోర్ (దొంగదారి) ఉన్న ఐఎస్ఓకి మళ్లించారు. అలాంటప్పుడు ఆదుకునేది జీపీజీ సంతకం. సంతకం ఫైల్ కూడా ఇస్తే "జీపీజీ --వెరిఫై సంతకం ఫైల్" కొట్టండి. "గుడ్ సిగ్నేచర్" వచ్చాక కింద "ఈ కీని ఎవరూ ధ్రువీకరించలేదు" అన్న అర్థంలో హెచ్చరిక వస్తుంది. అది చూసి చాలామంది కంగారు పడతారు. ఆ కీని మీరు స్వయంగా ధ్రువీకరించలేదు కాబట్టి వస్తుంది, మామూలే. ఫింగర్‌ప్రింట్ కలిసిందా లేదా అన్నదే చూడాలి. "బ్యాడ్ సిగ్నేచర్" వస్తే మాత్రం ఫైల్ తీసేయండి.

తర్వాత "డీపీకేజీ-డెబ్ -ఆర్ ఫైల్.డెబ్ చూద్దాం" కొట్టండి. ఆర్ మాత్రం పెద్ద అక్షరం. దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండా లోపలున్నదంతా "చూద్దాం" అనే ఫోల్డర్‌లోకి వస్తుంది. పేరు మీ ఇష్టం. అందులోని "డెబియన్" ఫోల్డర్‌లో ఉన్న స్క్రిప్టులు తెరిచి చదవండి. ప్రోగ్రామింగ్ రాకపోయినా కొన్ని గుర్తుపట్టవచ్చు. నెట్ నుంచి ఇంకేదో దించే కర్ల్, వీగెట్. అర్థంకాని పొడవాటి అక్షరాల గుంపు పక్కన బేస్64. క్రాన్.డీలో రాయడం. టీఎంపీ ఫోల్డర్లలో ప్రోగ్రాములు పెట్టడం. వీటిలో ఏది కనిపించినా ఆగి, తెలిసినవాళ్లకు చూపించండి. డెస్క్‌టాప్ మెనూ, ఐకాన్లు అప్‌డేట్ చేసే వరుసలు మామూలే. కొన్ని ప్యాకేజీలు తమ రిపోజిటరీని తామే కలిపేస్తాయి, గూగుల్ క్రోమ్ అలాంటిదే. అప్‌డేట్లు వస్తాయి కాబట్టి అది మేలే, అయితే కలిపిందని మీకు తెలిసి ఉండాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./ఫైల్.డెబ్" అని కొట్టండి. ముందున్న చుక్క, గీత మర్చిపోతే ఆప్ట్ దాన్ని రిపోజిటరీలో వెతికి, లేదంటుంది. "డీపీకేజీ -ఐ" వాడితే డిపెండెన్సీలు (దానికి అవసరమైన వేరే ప్యాకేజీలు) రావు, సగంలో ఆగుతుంది. అప్పటికే అలా ఇరుక్కుంటే "సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్" కొట్టండి, తీసేస్తానన్న వాటిని చదివి మరీ ఒప్పుకోండి. చివర్లో "శాండ్‌బాక్స్ లేకుండా రూట్‌గా డౌన్‌లోడ్ జరిగింది" అన్న సందేశం వస్తే భయపడక్కర్లేదు. ఆప్ట్ వాడే ప్రత్యేక యూజర్‌కి మీ హోమ్‌లోని ఫైల్ చదివే అనుమతి లేదని మాత్రమే దానర్థం.

ఇలా వేసుకున్నది తనంతట తాను అప్‌డేట్ కాదు. క్యాలెండర్‌లో నెలకోసారి గుర్తు పెట్టుకోలేకపోతే, ఎప్పుడూ నెట్‌కి తగిలి ఉండే ప్రోగ్రాములను ఈ దారిలో వేసుకోకండి.

6. యాప్‌ఇమేజ్

ప్రోగ్రామ్ మొత్తం ఒకే ఫైల్‌గా వచ్చే పద్ధతి ఇది. సుడో అక్కర్లేదు, తొలగించాలంటే ఫైల్ తీసేస్తే చాలు. ఇవి దీని మంచి గుణాలు. గోడ ఏమీ ఉండదు, అప్‌డేట్లు చాలావరకు మీరే చూసుకోవాలి. ఇవి లోటుపాట్లు. హోమ్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకుని, ఫైల్‌కి "సీహెచ్‌మాడ్ +ఎక్స్" చేసి నడపండి. సుడోతో నడపనే వద్దు.

తెరుచుకోకపోతే రెండు కారణాలుంటాయి. ఒకటి ఫ్యూజ్ లైబ్రరీ లేకపోవడం. ఉబుంటు 24.04లో "లిబ్‌ఫ్యూజ్2టీ64", 22.04లో "లిబ్‌ఫ్యూజ్2" వేసుకోవాలి. ఉత్త "ఫ్యూజ్" అనే ప్యాకేజీ వేయకండి. అది ఫ్యూజ్3ని తోసేసి, దానితోపాటు డెస్క్‌టాప్ భాగాలను కూడా ఊడగొట్టగలదు. రెండోది శాండ్‌బాక్స్ ఎర్రర్. ఎలక్ట్రాన్‌తో (వెబ్ పేజీల పద్ధతిలో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు తయారుచేసే పనిముట్టుతో) చేసిన ప్రోగ్రాములు తమ లోపలి గోడ కోసం యూజర్ నేమ్‌స్పేస్ అనే కెర్నెల్ సదుపాయం వాడుకుంటాయి, 24.04లో యాప్‌ఆర్మర్ (ప్రోగ్రాములు ఏం చేయొచ్చో అదుపుచేసే భద్రతా వ్యవస్థ) దాన్ని మామూలు ప్రోగ్రాములకు ఆపేసింది. నెట్‌లో దొరికే సలహా "--నో-శాండ్‌బాక్స్" పెట్టి నడపమని. పని జరుగుతుంది కానీ, వెబ్ పేజీల కోడ్‌కి అడ్డుగా ఉన్న గోడే పోతుంది. సిస్టమ్ అంతటికీ ఆ నియమాన్ని ఆపేయమనే సలహా ఇంకా చెడ్డది. ఆ ప్రోగ్రామ్ డెబ్ రూపంలోనో ఫ్లాట్‌ప్యాక్‌లోనో దొరుకుతుందేమో చూడండి. దొరకకపోతే ఆ ఒక్క ఫైల్‌కే యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ రాసి "యూజర్‌ఎన్‌ఎస్" అనుమతి ఇవ్వండి.

7. "ఈ ఒక్క లైను పేస్ట్ చేయండి"

కర్ల్ పక్కన నిలువు గీత, ఆ పక్కన బాష్. సైట్ నుంచి వచ్చిన స్క్రిప్ట్‌ని ఎవరూ చదవకుండానే నడిపించే పద్ధతి ఇది. మధ్యలో నెట్ పోతే సగం స్క్రిప్ట్ నడిచి వదిలేసే ప్రమాదమూ ఉంది. మార్పు చిన్నదే: "కర్ల్ -ఎఫ్ఎస్ఎస్ఎల్ చిరునామా -ఓ స్క్రిప్ట్.ఎస్‌హెచ్" అని ముందు ఫైల్‌గా దించండి. ఇక్కడ రెండో ఎస్, ఎల్ పెద్ద అక్షరాలు, ఓ చిన్నది. "లెస్ స్క్రిప్ట్.ఎస్‌హెచ్" తో చదవండి. సుడో ఎక్కడెక్కడ వస్తోందో, ఇంకే చిరునామాల నుంచి దించుతోందో, బాష్‌ఆర్‌సీలో ఏం రాస్తోందో చూడండి. సరే అనుకుంటే "బాష్ స్క్రిప్ట్.ఎస్‌హెచ్". చాలా స్క్రిప్టులు లోపల చేసేది మీరు 4వ మెట్టులో చేసిన పనే, రిపోజిటరీ కలపడం. అలాంటప్పుడు స్క్రిప్ట్ వదిలేసి చేత్తో కలుపుకోండి, పిన్ కూడా మీ చేతిలో ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే వర్చువల్ మెషీన్‌లో నడిపి చూడండి. వేరే డిస్ట్రోని కంటైనర్‌లో నడిపే డిస్ట్రోబాక్స్ ఈ పనికి సరిపోదు. అది మీ హోమ్ ఫోల్డర్‌ని అలాగే లోపలికి ఇస్తుంది.

ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువగా అడిగేది పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్ గురించి. డెబియన్ 12, ఉబుంటు 24.04లో పిప్ ఇన్‌స్టాల్ కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని ఆపేస్తుంది. ఎర్రర్‌లోనే "--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్" అన్న దారి కూడా చూపిస్తుంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు. డిస్ట్రో సొంత పనిముట్లు కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి. ప్రాజెక్టుకైతే వీఈఎన్‌వీ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్), కమాండ్‌గా వాడే ప్రోగ్రామ్‌కైతే పిప్ఎక్స్ వాడండి. "సుడో పిప్" ఎప్పుడూ వద్దు.

ఫెడోరా, ఆర్చ్ వాడేవాళ్లకు

ఫెడోరాలో ఆర్‌పీఎమ్ ప్యాకేజీల మీద విడివిడిగానే సంతకాలుంటాయి. "--నోజీపీజీచెక్" పెట్టమన్న సలహా పాటించకండి. ఎవరైనా సొంత రిపోజిటరీ పెట్టుకునే కాప్ర్‌ని పీపీఏ లాగే చూడండి. ఆర్చ్‌లో ఏయూఆర్ (యూజర్లే ప్యాకేజీలు పెట్టే చోటు) నుంచి తీసుకునేముందు పీకేజీబిల్డ్ అనే తయారీ స్క్రిప్ట్‌తో పాటు ఇన్‌స్టాల్ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైల్ కూడా ఉంటే చదవండి. అప్‌డేట్ చేసేటప్పుడు మారిన వరుసలైనా చూడండి. 2018 జులైలో దిక్కులేకుండా పడి ఉన్న యాక్రోరీడ్ ప్యాకేజీని ఎవరో తీసుకుని హానికర కోడ్ చేర్చారు. 2025 జులైలో ఫైర్‌ఫాక్స్, లిబ్రెవుల్ఫ్ పేర్లకు "ప్యాచ్", "ఫిక్స్" తగిలించి పెట్టిన ప్యాకేజీల్లో రిమోట్ ట్రోజన్ (కంప్యూటర్‌ని బయటివాళ్ల చేతిలో పెట్టే ప్రోగ్రామ్) దొరికింది.

8. అయ్యాక సరిచూసుకోండి

- "ఆప్ట్ లిస్ట్ '?అబ్సొలీట్'" కొడితే ఏ రిపోజిటరీకీ చెందని ప్యాకేజీలు వస్తాయి. మీరు విడిగా వేసి మర్చిపోయిన డెబ్‌లు ఇక్కడ బయటపడతాయి.
- "సుడో ఎస్ఎస్ -టీయూఎల్‌పీఎన్" బయటి నుంచి వచ్చే కనెక్షన్ల కోసం వింటున్న ప్రోగ్రాములను చూపిస్తుంది. పీడీఎఫ్ ఎడిటర్ వేస్తే కొత్త పోర్టు తెరుచుకుందా? ఎందుకో కనుక్కోండి.
- "సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్", "/ఈటీసీ/క్రాన్.డీ" రెండూ చూడండి. ఇన్‌స్టాల్‌కి ముందోసారి, తర్వాతోసారి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.
- ఉబుంటు వెర్షన్ అప్‌గ్రేడ్ అయ్యాక సోర్సెస్.లిస్ట్.డీ ఫోల్డర్ తప్పకుండా తెరవండి. అప్‌గ్రేడ్ సమయంలో బయటి రిపోజిటరీలన్నీ ఆపేస్తారు. "ఎనేబుల్డ్: నో" అని ఉండిపోతే నెలల తరబడి అప్‌డేట్ రాదు, ఎర్రర్ కూడా రాదు.

సంతకం, ఫింగర్‌ప్రింట్, హ్యాష్ అన్నీ కలిసినా లోపలి కోడ్ మంచిదని అవి చెప్పవు. 2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) బ్యాక్‌డోర్ అధికారికంగా విడుదలైన 5.6.0, 5.6.1 వెర్షన్లలోనే ఉంది. డెబియన్ అన్‌స్టేబుల్ దాకా వచ్చింది, స్టేబుల్‌లోకి రాలేదు. అన్నింటికన్నా కొత్త వెర్షనే కావాలని పట్టుబట్టేముందు దీన్ని గుర్తుంచుకోండి.

9. తీసేయాలంటే

వరుస ముఖ్యం. ముందు "సుడో ఆప్ట్ పర్జ్ పేరు", ఆ తర్వాత సోర్సెస్ ఫైల్, కీ, పిన్ ఫైల్. రిపోజిటరీని ముందు తీసేసి ప్యాకేజీ వదిలేస్తే అది అప్‌డేట్ లేకుండా అలాగే పడి ఉంటుంది. పీపీఏ వల్ల డిస్ట్రో ప్యాకేజీలు మారి ఉంటే "పీపీఏ-పర్జ్" వాటిని పాత వెర్షన్లకు తిరిగి తెస్తుంది. ఫ్లాట్‌ప్యాక్‌కి "అన్‌ఇన్‌స్టాల్ --డిలీట్-డేటా", తర్వాత "అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్".

వేసుకున్నది హానికరమైనదని తేలితే మాత్రం తీసేయడంతో సరిపోదు. రూట్‌గా నడిచిన స్క్రిప్ట్ ఇంకెక్కడ ఏం పెట్టిందో లోపలి నుంచి చూసి తేల్చలేం. నెట్ తీసేయండి. వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. అన్ని చోట్లా లాగవుట్ చేసే ఆప్షన్ వాడండి, ఎందుకంటే బ్రౌజర్‌లోని కుకీలు దొరికితే పాస్‌వర్డ్‌తో పనిలేదు. ఎస్ఎస్‌హెచ్ కీలు కొత్తవి చేసుకుని, పాతవాటిని సర్వర్ల నుంచి, గిట్‌హబ్ నుంచి తొలగించండి. తర్వాత సిస్టమ్‌ని మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి. బ్యాకప్ నుంచి పత్రాలు, ఫోటోలు మాత్రమే తెచ్చుకోండి. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు, ముఖ్యంగా బాష్‌ఆర్‌సీ, కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని ఆటోస్టార్ట్, సిస్టమ్‌డీ యూజర్ ఫోల్డర్లు తిరిగి తేవొద్దు. లాగిన్ కాగానే నడిచేవి దాక్కునేది అక్కడే.